మా సైటు ‘లేడీస్’ తాళంకప్ప గారికి

మహారాజశ్రీ తాళంకప్ప గారి సముఖమునకు, కొత్తగా చేరిన సైట్ ఇంజనీరు నమస్కరించి రాయు విన్నపం. తమరు క్షేమమని కళ్లారా చూస్తూనే ఉన్నాను. నా సంగతి కింద మనవి చేసుకుంటాను.

ఇవాళ తమరు తెరుచుకున్నారు. పెద్ద సారు తనిఖీకి వస్తున్నారని పొద్దున్నే పెయింటు డబ్బాలు, గ్రీజు, తుప్పు బోల్టుల గోనెసంచి బయటికి లాగించి ఫినాయిల్ పోయించారు. మరుగుదొడ్డి మీది ‘లేడీస్’ బోర్డు పక్కన నన్ను నిలబెట్టి ఫొటో కూడా తీశారు. సారు జీపు గట్టు మలుపు తిరిగిందో లేదో, డబ్బాలు లోపలికి, తమరు గొళ్లేనికి. తాళంచెవి జేబులో వేసుకుని స్టోర్‌కీపర్ గారు అమలాపురంలో పెళ్లికి వెళ్లిపోయారు. ‘సోమవారం తీయిస్తాను పాపా’ అన్న కాంట్రాక్టరు గారు ఏ సోమవారమో చెప్పలేదు.

కాలువలకి నీళ్లు కట్టేసినప్పుడే కదా మా తూము పనులన్నీ. జూన్‌లో నీళ్లు వదిలేలోపు అయిపోవాలి. మే నెల ఎండలో కాలువ అడుగున అందరూ కుండ దగ్గరికెళ్లి కడుపునిండా తాగుతారు. నేను పుక్కిలించి ఊస్తాను. మొన్న ఎత్తులు కొలిచే లెవెల్ దుర్భిణిలోంచి చూస్తుంటే, ఎదురుగా నిలబెట్టిన స్టాఫ్ కొలబద్ద మీద అంకెలు రెండేసి కనబడ్డాయి. గోదారి పక్కన పుట్టి, ఊరందరి నీళ్ల కోసం పని చేస్తూ, నేను మాత్రం గొంతెండి చావాలి!

కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర గోదారికే ఆనకట్ట కట్టేశాడు. ఈ ఒక్క తలుపుకి ఇంకా ముహూర్తం కుదరలేదు. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టంలోనే 32వ సెక్షన్ తాగునీళ్లు, 33 మరుగుదొడ్లు అని ఉండేది. ఒకటి తాగితే రెండోది కావాలని రాసినవాళ్లకి తెలుసు. మావాళ్లు 32 దగ్గరే పుస్తకం మూసేశారు.

గట్టు కింద మామ్మగారు పుణ్యాత్మురాలు, దొడ్డి తలుపు తీసే ఉంచుతారు. కాకపోతే వెళ్లినప్పుడల్లా ఒక సంబంధం చెబుతారు. ప్రస్తుతం భీమవరం రొయ్యల చెరువుల అబ్బాయి నడుస్తున్నాడు.

‘ఎండలో మీకెందుకు మేడం, ఆఫీసులో కూర్చుని ఎం-బుక్ రాసుకోండి’ అని ఇంకొకాయన. ఎం-బుక్ అంటే కొలతల పుస్తకమే కదా, కొలతలు తియ్యకుండా అందులో ఏం రాయను, పులస పులుసా?

ఇక మర్యాద చాలు. ఒరేయ్ తాళంకప్పా, నాలుగేళ్లు సివిల్ చదివి ఏ డిజైనుకీ భయపడలేదు. నీ మూలంగా మంచినీళ్ల గ్లాసుకి భయపడుతున్నాను. సిగ్గు లేదూ? నీకు కాదులే, నిన్ను వేసినవాళ్లకి.

రేపు పొద్దున్నే గునపం కావాలని ఇండెంట్ పెడుతున్నాను. ‘ఏ పనికి’ అన్న గడిలో నీ పేరే రాస్తాను.