ముందు బుకింగు, వెనక ప్యాచింగు

(బెంగళూరు, మారతహళ్లి. ఆదివారం సాయంత్రం. మూడో అంతస్తు ఫ్లాటు. సౌజన్య వీడియో గేమ్‌లు టెస్ట్ చేసే కంపెనీలో లీడు. ఫణి పేమెంట్ల కంపెనీలో డెవలపరు. అంటే ఆవిడ ఉద్యోగం తప్పు పట్టడం, ఆయన ఉద్యోగం "నా మెషీన్‌లో బాగానే నడుస్తోందే" అనడం. ఇంటికొచ్చాక కూడా ఇద్దరూ ఓవర్‌టైమే. మధ్యలో పాత పేపరు, దాని మీద నాలుగు కట్టల గోంగూర.)

సౌజన్య: ఫోన్ పక్కన పెట్టి ఆకు ఒలువు.

ఫణి: ఒలుస్తూనే ఉన్నా కదా.

సౌజన్య: ఏదీ, చూపించు. సగం కాడలే! ఇది చెల్లదు, మళ్లీ ఒలువు.

ఫణి: పప్పులో పడ్డాక అదే ఉడుకుతుందిలే.

సౌజన్య: ఆహా! ప్రతి గేమ్ విడుదలకు ముందు మీటింగులో నేను వినే మాట ఇదే. "బయటికి వెళ్లాక అదే సర్దుకుంటుందిలే." ఇంతకీ ఏం చూస్తున్నావ్ అందులో?

ఫణి: ఏం లేదు.

సౌజన్య: ఏం లేనిదాని పక్కన 5,999 రూపాయలని ఉందే.

ఫణి: కొత్త గేమ్ డీలక్స్ ఎడిషన్. ముందే బుక్ చేసుకుంటే అందరికన్నా మూడు రోజులు ముందు ఆడొచ్చు. ఊరికే చూస్తున్నానంతే.

సౌజన్య: అంటే మా టీమ్ పిల్లలకి జీతమిచ్చి చేయించే బగ్‌లు, అదే ఆటలో లోపాలు, పట్టే పని నీకు మాత్రం డబ్బులు పుచ్చుకుని చేయిస్తారన్నమాట.

ఫణి: బగ్‌లుంటే నా తప్పా? మీ టెస్టర్లు సరిగ్గా చూస్తే ఆ బగ్‌లు బయటికెలా వస్తాయి?

సౌజన్య: (ఆకు కింద పడేసి) ఏమన్నావ్?

ఫణి: మామూలుగా అన్నా...

సౌజన్య: సైబర్‌పంక్ 2077 అనే గేమ్ సంగతీ ఇంతే. 2020 డిసెంబర్ 10న వదిలారు. పాత కన్సోళ్ల మీద, అంటే టీవీకి తగిలించి ఆడే డబ్బాల మీద, ఆట నడిస్తే ఒట్టు. మర్నెల జనవరిలో దాన్ని తయారుచేసిన సీడీ ప్రాజెక్ట్ కంపెనీ సహవ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెప్పాడు. బాధ్యత తమదేనన్నాడు, బాగుంది. ఆ వెంటనే, మీరు చూసిన సమస్యల్లో చాలాభాగం మా టెస్టింగ్‌లో బయటపడలేదన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఫణి: నిజంగానే కనిపించలేదేమో.

సౌజన్య: ఏది కనిపించలేదు? సోనీ వాళ్ల పాత కన్సోల్ ప్లేస్టేషన్ 4 లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉంది, 2013 నాటి సరుకు. ఎంత గింజుకున్నా సెకనుకు 100 ఎంబీ చదవడం గగనం. ప్రాసెసరేమో 1.6 గిగాహెర్ట్జ్. వీళ్లు ముందు పీసీలో అదిరిపోయేలా నగరం కట్టారు, తర్వాత దాన్ని ఈ డబ్బాలో కుక్కారు. కారు జోరుగా పోతుంటే ముందున్న వీధి తాలూకు బొమ్మలు డిస్క్ మీంచి వచ్చేలోపే కారు ఆ వీధిలో ఉంటుంది. అందుకే గోడలు మైనం ముద్దల్లా, మనుషులు చేతులు చాపిన దిష్టిబొమ్మల్లా. ఇది దుర్భిణీ పెట్టి వెతకాల్సిన బగ్గా? మొదటి పావుగంటలో కళ్లలో గుచ్చుకుంటుంది!

ఫణి: మరి మీరు చెప్పొచ్చుగా.

సౌజన్య: చెప్పడమంటే నోటిమాటా? బగ్ రాయాలంటే బిల్డ్ నంబరు, అంటే ఆట ఏ వెర్షనో, ఏ మెషీన్, ఎక్కడ నిలబడి ఏ బటన్ నొక్కితే వచ్చింది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది, వీడియో, సేవ్ ఫైలు, ఆట కూలినప్పటి రికార్డు, అదే క్రాష్ డంపు. ఇవన్నీ పెట్టాక తీవ్రత వేస్తాం. ఆట కూలిపోయినా, సేవ్ పోయినా, కథ ముందుకు కదలకపోయినా అది అన్నిటికన్నా తీవ్రమైన 'ఏ' తరగతి. ఆ తర్వాత అందరూ కూర్చుని ట్రయాజ్ చేస్తారు, అంటే ఏది సరిచేయాలో ఏది వదిలేయాలో తేలుస్తారు. తేదీ దూరంగా ఉన్నప్పుడు 'ఏ' తరగతి బగ్ 'ఏ' తరగతిగానే ఉంటుంది. తేదీ దగ్గరపడేకొద్దీ అదే బగ్ బీ అవుతుంది, సీ అవుతుంది, చివరికి "నోన్ షిప్పబుల్" ముద్ర పడుతుంది.

ఫణి: అంటే?

సౌజన్య: తెలుసు, అయినా అమ్మేద్దాం అని.

ఫణి: (నవ్వు ఆపుకుంటూ) మాదగ్గర దాన్ని "నెక్స్ట్ స్ప్రింట్" అంటాం, వచ్చే విడతలో చూద్దామని.

సౌజన్య: ఆకు ఒలువు.

ఫణి: తేదీ వెనక్కి జరపొచ్చుగా మరి.

సౌజన్య: సైబర్‌పంక్‌కి జరిపారు బాబూ! ఏప్రిల్ 16 అన్నారు. సెప్టెంబర్ 17 అన్నారు. నవంబర్ 19 అన్నారు. అక్టోబర్ 5న గోల్డ్ అయిందన్నారు, అంటే డిస్కులు అచ్చుకి వెళ్లే బిల్డ్ తయారైందని. మూడు వారాలు దాటాయో లేదో మళ్లీ 21 రోజుల వాయిదా. గోల్డ్ అనగానే పనైపోయిందనుకుంటారు జనం. డిస్కులు అచ్చయి కొట్లకు చేరేదాకా అసలు పని నడుస్తూనే ఉంటుంది. అదంతా మొదటిరోజు ప్యాచ్‌గా, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్‌గా, మన నెట్ మీద దిగుతుంది. ఇక డిసెంబర్ దాటితే క్రిస్మస్ బేరం పోతుంది, ఆ సంవత్సరం లెక్కల్లో చూపించడానికి ఏమీ ఉండదు. అప్పుడు బగ్‌ని తగ్గించరు, బగ్ తీవ్రతని తగ్గిస్తారు.

ఫణి: సరే, అదంతా పాత కన్సోళ్ల గోల. మనది పీసీ. మొన్నేగా గ్రాఫిక్స్ కార్డు మార్చాం.

సౌజన్య: మార్చాం కాదు, మార్చావు. ఈఎంఐ ఇంకా మిగిలుంది. పీసీకేం తక్కువ? 2015 జూన్ 23న బ్యాట్‌మ్యాన్ ఆర్కమ్ నైట్ పీసీ వెర్షన్ వచ్చింది. ఒక్కరోజుకే అమ్మకం ఆపేశారు. మళ్లీ కొట్లోకి వచ్చేసరికి అక్టోబర్ చివరి వారం. సైబర్‌పంక్ పీసీలోనైతే సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడైపోయేది. సామాన్లు ఎక్కువ పోగేస్తే ఫైలు పెరిగేది. "కొంచెం తక్కువ సామాను పెట్టుకోండి" అని సలహా ఇచ్చారు ముందు. తర్వాత సరిచేశారు, కానీ అప్పటికే పాడైన ఫైళ్లు తిరిగి రాలేదు.

ఫణి: తక్కువ సామానా? నువ్వైతే మొదటి రోజే 8 ఎంబీ దాటించేదానివి. ఆ అటక మీద చూడు...

సౌజన్య: అటక జోలికి రాకు. షేడర్ల సంగతి తెలుసా నీకు? తెర మీద వెలుగూ రంగూ ఎలా వెయ్యాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే చిన్న ప్రోగ్రాములు.

ఫణి: తెలుసు. ఆడేముందు కంపైల్ అవుతాయి, అంటే కార్డుకి అర్థమయ్యే భాషలోకి మారతాయి.

సౌజన్య: ఎందుకవుతాయి? కన్సోల్‌లో అందరిదీ ఒకటే చిప్పు కాబట్టి ఫ్యాక్టరీలోనే వండి పంపిస్తారు. పీసీలో ఒక్కొక్కడిది ఒక్కో కార్డు, ఒక్కో డ్రైవరు. అందుకని నీ ఇంట్లోనే, నీ కార్డుకి సరిపడా అక్కడికక్కడే వండాలి. ముందే వండకపోతే కొత్త మంట, కొత్త పేలుడు కనిపించిన ప్రతిసారీ ఆట ఒక్క క్షణం గుటక మింగుతుంది. సెకనుకు సగటున 90 ఫ్రేములు, అంటే 90 బొమ్మలు, అని గొప్పగా రాస్తారు, ఆ గుటకలు సగటులో కనపడవు. అందుకే రివ్యూలో చూడాల్సింది ఫ్రేమ్ టైమ్ గీత, అంటే ఒక్కో ఫ్రేముకి ఎంతసేపు పట్టిందో చూపేది. గీత సాఫీగా ఉందా, మధ్యమధ్య ముళ్లు లేచాయా అని.

ఫణి: ముందే వండుకుంటే ఏ గొడవా లేదుగా.

సౌజన్య: 2023 మార్చిలో ద లాస్ట్ ఆఫ్ అస్ మొదటి భాగం పీసీకి వచ్చింది కదా. కొందరికి ఆ వంటే గంట దాటింది. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ కొట్టు స్టీమ్‌లో రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల్లోపు ఆడి ఉండాలి. మెనూలో షేడర్లు వండుతూ కూర్చున్న సేపు కూడా ఆడినట్టే లెక్క!

ఫణి: ...ఇది తెలీదు నాకు.

సౌజన్య: ఇంకోటి కూడా తెలీదు. నీ మూడు రోజుల ముందస్తు ఆట ఉంది చూడూ, 2024 ఏప్రిల్ నుంచి అది కూడా ఆ 2 గంటల్లోకే.

(ఫణి చెయ్యి ఒక్కక్షణం ఆగుతుంది. మళ్లీ ఆకు ఒలుస్తాడు, ఈసారి కాస్త శ్రద్ధగా.)

ఫణి: ఎన్నైనా చెప్పు, వ్యాపారం తప్పు కాలేదు వాళ్లది. సైబర్‌పంక్‌కి 80 లక్షల ముందస్తు ఆర్డర్లు! గేమ్ ఖర్చంతా వాటితోనే వచ్చేసిందని వాళ్లే చెప్పారు. 2020 డిసెంబర్ దాటేసరికి కోటీ 37 లక్షల కాపీలు. కంపెనీ సొంతంగా తెరిచిన రీఫండ్ పథకంలో వెనక్కిచ్చినవి 30 వేలు. బగ్‌ల వల్ల ఎవడు మునిగాడు?

సౌజన్య: శభాష్. నా వాదన నువ్వే చేసిపెట్టావ్.

ఫణి: నేనా?

సౌజన్య: ఆట బయటికి రాకముందే ఖర్చు మొత్తం చేతికొచ్చేస్తే, ట్రయాజ్‌లో నేను "ఇది 'ఏ' తరగతి బగ్ సార్" అని నెత్తీనోరూ కొట్టుకున్నా వినేదెవరు? ఆ ముద్ర కొట్టే చెయ్యి ప్రొడ్యూసరుది. ఆ చేతికి ధైర్యం ఇచ్చేది నీ 5,999.

ఫణి: అన్నిటికీ నేనేనా కారణం!

సౌజన్య: అయినా పరువు ఊరికే పోలేదు. రివ్యూలకి పీసీ కాపీలే ఇచ్చారు, విడుదలకు ముందు సొంత వీడియో తీసి చూపించడానికి వీల్లేదన్నారు. కన్సోల్ సంగతి కొన్నాకే తెలిసింది. వారం తిరిగేసరికి సోనీ తన కొట్లోంచే తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్ 21న. ఆరునెలల్లో కంపెనీ షేరు సగానికి పైగా జారింది. 2021 జనవరిలో వేసిన పెద్ద ప్యాచ్ 1.1 ఇంకో కొత్త బగ్ తెచ్చింది. ఆటలో టకెమురా అని ఒకాయన ఫోన్ చేస్తాడు. ఆయన మాట్లాడడు, నిన్ను మాట్లాడనివ్వడు, ఫోన్ పెట్టేయడానికీ ఉండదు. కథ అక్కడే ఆగిపోయేది.

ఫణి: మా మామగారు ఏ గేమ్‌లో ఉన్నారో ఇన్నాళ్లకు తెలిసింది.

సౌజన్య: (కాడ విసురుతుంది.) మా నాన్న మాట్లాడకపోవడానికి నువ్వు కారణం!

ఫణి: సరే సరే. కానీ చివరికి బాగు చేశారా లేదా? 2023 సెప్టెంబర్‌లో 2.0 అనే పెద్ద ప్యాచ్ వచ్చింది, ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు కథ వచ్చింది, జనం నెత్తిన పెట్టుకున్నారు. 2024 నవంబర్‌కి 3 కోట్ల కాపీలు. చివరికి మంచి గేమ్‌గానే మిగిలింది కదా.

సౌజన్య: మూడేళ్లు జీతాలిచ్చే డబ్బుంది కాబట్టి మిగిలింది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్ కూడా అంతే. 2010లో వచ్చినప్పుడు అందులో ఒక పూలకుండీకి, ఆడే మనిషికి దాదాపు ఒకే లెక్కలో పాలీగన్లు, అంటే బొమ్మని కట్టే చిన్న చిన్న ముక్కలు, ఉండేవి. వీధిలో జనం చేరితే ఆట ఉసూరుమనేది.

ఫణి: కుండీకి అంత సోకా?

సౌజన్య: అంత సోకే. చివరికి కథలోనే చందమామ లాంటిదాన్ని ఆ లోకం నెత్తిన పడేసి ఆట మూసేశారు. 2013 ఆగస్టులో మళ్లీ మొదట్నుంచి కట్టి తెరిచారు. అది స్క్వేర్ ఎనిక్స్ లాంటి పెద్ద కంపెనీ కాబట్టి చేయగలిగింది. యాంథమ్‌కి ఏమైంది? 2019లో వచ్చింది, బాగుచేస్తామన్నారు, 2021లో ఆ పని ఆపేశారు, 2026 జనవరిలో సర్వర్లే కట్టేశారు. రెడ్‌ఫాల్? 2023 మేలో విడుదల, 2024 మేలో ఆ స్టూడియో, ఆర్కేన్ ఆస్టిన్, మూత. దాని ఖరీదైన ఎడిషన్ కొన్నవాళ్లకి తర్వాత ఇద్దరు కొత్త హీరోలిస్తామన్నారు. ఆ హీరోలు రానేలేదు. ఆ వాటా డబ్బు వెనక్కిచ్చారు.

ఫణి: ఖరీదైన ఎడిషన్ అంటే... డీలక్స్ లాంటిదా?

సౌజన్య: డీలక్స్ లాంటిదే. బాగుపడ్డ నాలుగు గేమ్‌ల కథలు అందరూ చెప్పుకుంటారు. మూతపడ్డ స్టూడియోలో పనిచేసిన పిల్లలు తర్వాత ఇంటర్వ్యూకి వెళ్తే "ఓ, ఆ గేమ్ మీరేనా" అంటారు చూడూ, దాని సంగతి ఎవడూ చెప్పడు. బగ్ రాసిపెట్టింది వాళ్లే అయినా సరే.

ఫణి: (కాసేపాగి) మరి ఎప్పుడు కొనాలి?

సౌజన్య: రివ్యూలు విడుదలకు ముందే వస్తున్నాయా చూడు. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ కొట్లోకొచ్చాక గంటలు గడిస్తేగానీ రివ్యూలు రానివ్వలేదు. వచ్చాక చూస్తే మొహాల్లేని మనుషులు, కళ్లూ పళ్లూ మాత్రం గాల్లో. నీ కార్డులాంటి కార్డు మీద ఎవరైనా ఆడారా చూడు. రెండు ప్యాచ్‌లు పడనీ. రెండోది చూడాలి ముఖ్యంగా, మొదటి ప్యాచ్ ఏం విరగ్గొట్టిందో రెండోదాన్ని చదివితే తెలుస్తుంది. అప్పటికి ధరా తగ్గుతుంది.

ఫణి: సరే. కొననులే.

సౌజన్య: కొననులే కాదు. నాలుగూ పదికి కొన్నావు. ఆ కార్డు నాది, బ్యాంకు మెసేజ్ నాకొచ్చింది.

(నిశ్శబ్దం. కింద నీళ్ల ట్యాంకరు హారను.)

ఫణి: మరి ఇంతసేపూ ఏం తెలీనట్టు...

సౌజన్య: పదిసార్లు అడిగితే ఎన్నిసార్లు అబద్ధం చెప్తావో చూద్దామని. తియ్యి ఫోను. విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, డబ్బు పూర్తిగా వస్తుంది. వాలెట్‌లోకి అని నొక్కకు, కార్డుకే అని నొక్కు.

ఫణి: నొక్కా. కారణం అడుగుతోంది. జాబితాలో "ఇంట్లో ఒప్పుకోలేదు" అన్నది లేదు.

సౌజన్య: "పొరపాటున కొన్నాను" అని ఉంటుంది చూడు.

ఫణి: పొరపాటేం కాదు, తెలిసే కొన్నా.

సౌజన్య: అలాగే రాయి. "తెలుసు, అయినా కొనేశాను." ముద్ర నేను కొడతాను. ఆ కాడలు ఏరి పక్కన పెట్టు ముందు.