సవరణ: పొద్దుటి చందమామ తూర్పున కాదు, పడమర

మొన్నటి పోస్టులో బహుళ చవితి పొద్దున 7 గంటలకు చందమామ కోసం తూర్పుకి చూడమని రాశాను. తప్పు. పడమరకి చూడాలి. పున్నమి దాటిన మొదటి వారంలో ఉదయం చంద్రుడు ఉండేది అటే. మధ్యాహ్నం తూర్పున కనబడేది శుక్ల సప్తమి, అష్టమి రోజుల్లో. నా మాట నమ్మి నాగావళి గట్టున ఎండకి ఎదురుగా నిలబడ్డ శ్రీకాకుళం మిత్రులు మన్నించాలి.

ఇంకోటి. బైనాక్యులర్స్ లేకపోతే పగలు శుక్రుడు కనిపించడన్నాను. అదీ సరికాదు. ఆకాశం తేటగా ఉండి, ఎక్కడ చూడాలో తెలిస్తే మామూలు కంటికే తెల్లటి చుక్కలా దొరుకుతాడు. సూర్యుడి నుంచి సుమారు 47 డిగ్రీలకు మించి దూరం జరగడు కాబట్టి, సూర్యుడు పూర్తిగా మరుగయ్యేలా గోడ నీడలో నిలబడి వెతకండి. బైనాక్యులర్స్ పొరపాటున సూర్యుడి మీదకి తిరిగితే కళ్లు పోతాయి. ఈ ముక్క మొదటే రాయాల్సింది.