వ్యాక్సిన్ లాబీ గారికి, మా కాలనీ తరఫున

గౌరవనీయులైన వ్యాక్సిన్ లాబీ గారికి,

నమస్కారాలండి. అడ్రస్ లేని ఉత్తరం ఇది, ఏమనుకోవద్దు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజుకి ఒకసారైనా మీ పేరు వస్తుంది గానీ మీరే ఊళ్ళో ఉంటారు, ఏ ఫ్లోరు, లంచ్ ఎన్నింటికి అని ఎవర్ని అడిగినా చెప్పరు, "దాని వెనక పెద్ద తలకాయలున్నాయి సార్" అని మాత్రం అంటారు. పోనీ ఆర్టీఐ వేద్దామన్నా ఏ శాఖకి వెయ్యాలో తెలీదు. అందుకని ఇలా బహిరంగంగా రాసేస్తున్నా, మీకు అన్నిచోట్లా మనుషులున్నారు కాబట్టి ఎలాగోలా అందుతుందిలెండి.

మా వాళ్ళు చెప్పే దాని ప్రకారం వీధి కుక్కల్ని పెంచుతున్నది మీరే. కుక్కలుంటేనే కాట్లు, కాట్లుంటేనే రేబిస్ ఇంజెక్షన్లు, ఇంజెక్షన్లుంటేనే మీకు డబ్బులు. అందుకే కుక్కల్ని చంపకూడదని రూల్ మీరే రాయించారు, ఎన్జీవోలకి ఫారిన్ నుంచి డబ్బులు మీరే తెప్పిస్తున్నారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అని పేరు చెప్పి పట్టుకెళ్ళి ఏదో మందెక్కించి పిచ్చి పట్టించి తెచ్చి మళ్ళీ మా వీధిలోనే వదుల్తున్నారు, చెవి కొస కత్తిరించేది కూడా ఏ కుక్క మీ బ్యాచ్‌దో గుర్తుపట్టడానికేనంట. ఆపరేషనూ టీకా అయిపోయిన కుక్కని మళ్ళీ మళ్ళీ పట్టుకెళ్ళకుండా ఆ గుర్తు పెడతారండీ అని నేనొకసారి గ్రూపులో రాశాను. "మీకెంత ముట్టింది?" అని అడిగారు. ఇంకా ముట్టలేదు, ఆ సంగతి కూడా కాస్త చూడండి.

మా గేటు దగ్గర నల్లోడు అని ఒక కుక్క ఉంది. వాచ్‌మన్ భార్య పెట్టే పెరుగన్నం తిని ఇస్త్రీ బండి కింద పడుకునేది, స్కూల్ ఆటో వస్తే లేచి తోకూపి మళ్ళీ పడుకునేది, అంతకుమించి దానికి ఉద్యోగం లేదు. ఎండాకాలంలో ఒకరోజు పై బాల్కనీలోంచి ఎవరో మరిగే నీళ్ళు పోశారు. మెడ దగ్గర్నుంచి తోక మొదలు దాకా చర్మం తడిసిన అట్టపెట్టె మీద కాయితం లేచినట్టు లేచొచ్చేసింది. ఈగలు ముసిరితే నాక్కుందామంటే మూతి అక్కడిదాకా అందక అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఉండేది. ఇస్త్రీ ఆయన కర్ర చివర గుడ్డ చుట్టి, పసుపూ కొబ్బరి నూనే కలిపి దూరం నుంచే రాసేవాడు, దగ్గరకి రానిచ్చేది కాదు మరి. నెలకి మానింది, అక్కడ బొచ్చు రాలేదు, గులాబీ రంగులో మచ్చ ఉండిపోయింది. అప్పట్నించీ చేతిలో బకెట్‌తో ఎవరు కనబడినా పళ్ళు బయటపెట్టడం మొదలుపెట్టింది. కార్లు తుడిచే కుర్రాడు పాపం రోజూ బకెట్‌తోనే వస్తాడు కదా, ఓ పొద్దున పిక్క పట్టేసింది.

గ్రూపులో నిమిషంలో తేల్చేశారు: "చూశారా, ఇంజెక్షన్ ఎఫెక్ట్."

బకెట్ గురించి ఒక్కరూ ఎత్తలేదు. కెమెరా ఫుటేజ్ అడిగితే అది స్కూటర్ల వైపు తిరిగుందన్నారు. వేడినీళ్ళు పోసిందెవరో అంటే తెలీదంటారు, తెలుసు, అందరికీ తెలుసు, ఎదురుపడితే గుడ్ మార్నింగ్ చెప్పాలి కాబట్టి తెలీదు. మిమ్మల్నైతే పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ ఎవరూ చూడలేదు కాబట్టి ఎంతైనా తిట్టొచ్చు, మెయింటెనెన్స్ మీటింగ్‌లో మీరు పక్క కుర్చీలో కూర్చోరు. మీవల్ల మా కాలనీకి కలిగిన మొదటి మేలు ఇదేనండి, థాంక్స్.

ఆ కుర్రాడి సంగతి కూడా చెప్పాలి, ఎంతైనా మీ కస్టమర్ కదా. కాటు పడగానే సెకండ్ ఫ్లోర్ ఆంటీ పరుగున కిందికొచ్చి కారం అద్దింది. మంచి మనసే. కానీ కాటుకి ముందు చెయ్యాల్సిందేంటంటే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగడం, ఎందుకంటే రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చింపేస్తుంది. రూపాయి ఖర్చు లేని ఈ పని మీ లాబీ ఎక్కడా దాచిపెట్టలేదు, గవర్నమెంటు ఆస్పత్రి గోడల మీద రాసే ఉంటుంది, మావాళ్ళు గోడలు చదవరు, ఫార్వర్డులు చదువుతారు. చివరికి ఇస్త్రీ ఆయనే బండి ఆపుకుని ఆ కుర్రాణ్ణి సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, ఉచితంగానే వేశారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రావాలన్నారు. రెండు వేయించుకుని మూడోదానికి వెళ్ళలేదు. ఏమిరా అంటే పూట పోతే జీతం కోస్తారన్నాడు. కోసేది ఎవరో మీకు తెలిసే ఉంటుంది, రోజూ గ్రూపులో మిమ్మల్ని తిట్టేవాళ్ళే.

ఇక్కడ మీమీద నాకే డౌటొచ్చింది. అంత పవర్ ఉన్న లాబీ అయితే 2006లో మీరు నిద్రపోయారా ఏంటి? అంతకుముందు కాటుకి కండలోకి 5 డోసులు, అంటే 5 సీసాలు. ఆ ఏడాది మన దేశంలో చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతికి పర్మిషన్ ఇచ్చారు, ఒక్కో చేతికి సున్నా పాయింట్ ఒక మిల్లీలీటర్, రెండు చేతులకీ, నాలుగుసార్లు. లెక్కేస్తే మనిషికి మొత్తం ఒక మిల్లీలీటర్ కూడా పట్టదు, ఐదు సీసాలు పోయే చోట రెండు కూడా ఖర్చవవు. సర్కారు ఆస్పత్రుల్లో ఇప్పుడిదే నడుస్తోంది. అమ్మకాలు పెంచుకోడానికి ఊరూరా కుక్కల్ని పెంచే తెలివి ఉన్నవాళ్ళకి ఇది ఆపే తెలివి లేకపోయిందా?

ఇంకా వెనక్కెళ్తే మా నాన్నగారి తరం ఇప్పటికీ చెప్పుకునే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. గొర్రె మెదడులో వైరస్‌ని పెంచి, దాన్ని చంపి తయారుచేసే మందది, 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే దొర తయారుచేశాడు. కొంతమందికి ఆ మందువల్లే నరాలు దెబ్బతినేవి. అయినా 2004 దాకా దాన్నే తయారుచేశాం, అంతకు ముప్పై నలభై ఏళ్ళ ముందే మంచి మందు కనిపెట్టి ఉన్నా సరే, ఎందుకంటే ఇది చవక. ఎన్ని గొర్రెలు పోయాయో ఎవరూ లెక్క చూసుకోలేదు. ఇదేమీ చీకటి గదిలో జరగలేదండీ, టెండర్లు పిలిచి, బిల్లులు పాసు చేసుకుని చేశారు.

మీ ఆఫీసు కోసం వెతికితే హైదరాబాద్‌లోనే ఒకటి దొరికింది. రేబిస్ టీకా తయారుచేసే పెద్ద కంపెనీల్లో ఒకటి, ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, గచ్చిబౌలిలోనే ఉంది, 1982లో పెట్టారు. దొరికార్రా అనుకుని ఓనరు ఎవరా అని చూస్తే నేషనల్ డెయిరీ డెవలప్‌మెంట్ బోర్డు. పాలవాళ్ళు! ఈ విషయం గ్రూపులో పెట్టలేదు, పెడితే రేపట్నించి పెరుగు ప్యాకెట్ కూడా అనుమానంగా చూస్తారు.

అసలు కుట్ర అంటే ఇలా ఉండాలిరా అనిపించేది ఒకటుంది, అది మావాళ్ళెవరికీ పట్టదు. రాబందులు. మా చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చి పడితే గంటల్లో బొమికలు మిగిలేవి. 1990ల్లో మొదలై పదేళ్ళు తిరిగేసరికి దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి, ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అర్థం కాలేదు. 2004లో తేలిందేంటంటే గొడ్లకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్, ఆ మందు పడ్డ గొడ్డు చస్తే దాని మాంసం తిన్న రాబందుకి కిడ్నీలు పోతాయి. 2006లో పశువులకి వాడకూడదని ఆపేశారు, అప్పటికే ఆలస్యమైంది. మరి ఆ కళేబరాలు ఎవరు తినాలి? కుక్కలు. తిండి దొరికితే పెరుగుతాయి, పెరిగాయి. ఆ తర్వాత మన దగ్గర రాబందు చూడాలంటే ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట దాకా పోవాల్సొచ్చింది. ఇందులో విలన్ ఎవరండీ? కుంటుతున్న ఎద్దుకి నొప్పి తగ్గాలని సూది వేయించిన రైతా? ఇలాంటి కథలో తిట్టడానికి మనిషి దొరకడు, అందుకే ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

కోర్టు సంగతుల్లో మీ పెర్ఫార్మెన్స్ మాత్రం అదుర్స్. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిట్నీ షెల్టర్లలో పెట్టమంది, గ్రూపులో "లాబీకి చెంపదెబ్బ" అని చప్పట్లు. 22న వేరే బెంచి దాన్ని మార్చి ఆపరేషను, టీకా చేసి ఎక్కడివక్కడ వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. "లాబీ కొనేసింది" అన్నారు. నవంబరు 7న స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోంచి తీసెయ్యమంది, మళ్ళీ చెంపదెబ్బ. మూడు నెలల్లో మీరు ఓడి గెలిచి ఓడారు, ఈ మధ్యలో మా వీధికి కుక్కల బండి ఒక్కసారి కూడా రాలేదు. రూల్ ప్రకారం ఆపరేషన్లు చేయించాల్సింది మున్సిపాలిటీ, అది 2001లోనూ రాసుంది, 2023లో మార్చిన రూల్స్‌లోనూ రాసుంది. తిండి పెట్టే జాగా ఎక్కడో చూపించాల్సింది అపార్ట్‌మెంట్ సంఘమే అని కూడా రాసుంది. మా సెక్రటరీ గారికి ఈ రూల్ చూపిస్తే "అవన్నీ వాళ్ళు రాయించినవేనయ్యా" అన్నారు. ఎంత సుఖం చూడండి.

కుక్కలంటే ప్రేమున్నవాళ్ళు ఏమైనా తక్కువ తిన్నారనుకోకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి, తండ్రి పనిచేసేచోటే, కుక్కలు పీకి చంపాయి. ఆ వీడియో చూసి కూడా "కుక్కల మీద ద్వేషం పెంచడానికే దీన్ని తిప్పుతున్నారు" అన్నవాళ్ళని నేను చూశా. వాళ్ళ లాబీ వేరేది, ఆ అడ్రస్ కూడా ఎవరికీ తెలీదు. చచ్చిపోయిన పిల్లాడు మాత్రం ఏ లాబీలోనూ లేడు.

మరుసటేడు ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట కొందరు కారులో వచ్చి తుపాకీతో ఇరవై దాకా వీధి కుక్కల్ని కాల్చి పడేసి పోయారు. ఇంకేముంది, ముఠా అన్నారు, ట్రైనింగ్ అన్నారు. పోలీసులు చివరికి పట్టుకుంటే తేలిందేంటి, పెంపుడు కుక్కని వీధి కుక్కలు కరిచి చంపాయన్న పగ! ఇంతే సార్. పెద్ద తలకాయల కోసం వెతికితే చిన్న మనుషులు దొరుకుతారు.

శిక్షల సంగతి మీరే రాయించుంటే మాత్రం బాగా రాయించారు. జంతువుల్ని హింసిస్తే 1960 చట్టం కింద మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై రూపాయల జరిమానా. మా లిఫ్టులో ఉమ్మితే వంద. నల్లోడి వీపు మొత్తం కలిపినా లిఫ్టు మూలలో సగం రేటు దాటదు. చంపినా, అవయవం పోయేలా చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ళ దాకా పడొచ్చు, దానికి ఎవరైనా స్టేషన్‌కెళ్ళి కంప్లయింట్ రాసివ్వాలి, రాస్తే కింద పేరూ ఫ్లాట్ నంబరూ పెట్టాలి.

మీకు తెలియాల్సిన మనిషి ఒకాయన ఉన్నారు, ఫోర్త్ ఫ్లోర్ అంకుల్. మీ గురించిన ఫార్వర్డుల్లో సగం ఆయనవే. ప్రతి ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నల్ల కవరు ఒకటి తెచ్చి వెనక గోడ మీంచి ఖాళీ ప్లాటులోకి విసురుతారు, అందులో చికెన్ ఎముకలు, మిగిలిన బిర్యానీ. గోడ కింద తొమ్మిది నుంచే కుక్కలు కూర్చుని ఉంటాయి, టైము తెలుసు వాటికి. సందు చివర చికెన్ షాపువాడు పారేసేది వేరే. కుక్కల్ని మేపడానికి మీకు ఫారిన్ ఫండ్స్ ఎందుకండీ? ఈయన ఫ్రీగా చేస్తున్నారు. కనీసం దీపావళికి ఒక స్వీట్ బాక్స్ అయినా పంపండి.

ఇక నా విన్నపం. కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా పడితే రేబిస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నించో చెప్తోంది. గోవాలో అదే చేశారు, ఊరూరూ తిరిగి వలేసి పట్టుకుని ఏటా వేశారు, 2018 నుంచి మూడేళ్ళ పాటు అక్కడ రేబిస్‌తో ఒక్క మనిషి పోలేదు, 2021లో రేబిస్ కంట్రోల్‌లోకి వచ్చిన ప్రాంతంగా ప్రకటించుకున్నారు. మన దేశం మొత్తానికి 2030 అని టార్గెట్ రాసుకున్నారు. మా మున్సిపాలిటీకి బండి లేదంట, బండుంటే డాక్టర్ లేడంట, ఇద్దరూ ఉంటే బిల్లు పెండింగంట. మీరు రహస్యంగా పనులు చెయ్యడంలో ఎక్స్‌పర్ట్ అంటున్నారు కాబట్టి ఓ రాత్రి వచ్చి మా వార్డులో డెబ్భై శాతానికి గుట్టుచప్పుడు కాకుండా టీకాలేసి వెళ్ళిపోండి. మేం కనిపెట్టం, ఒట్టు. కెమెరా ఎలాగూ స్కూటర్ల వైపే ఉంది. ఐస్ బాక్స్ మాత్రం మీరే తెచ్చుకోండి, టీకా చల్లగా ఉండాలి, వాచ్‌మన్ గదిలో ఫ్రిజ్ లేదు. నల్లోడు ఇస్త్రీ బండి కిందే ఉంటుంది, కట్టెయ్యక్కర్లేదు, దాని దగ్గరకి బకెట్‌తో మాత్రం వెళ్ళకండి.

ఇట్లు,
ఫ్లాట్ నంబరు 302
(పేరు రాయలేదు, మా సెక్రటరీ గారు కూడా ఇది చదువుతారు)