మహారాజశ్రీ సెండ్‌కీస్ గారికి

మనుషులకు బదులు తెరమీది గడులలో అక్షరములు టైపు చేసిపెట్టు టెస్టింగు ఆజ్ఞయగు మహారాజశ్రీ సెండ్‌కీస్ గారి సముఖమునకు, గజపతి జిల్లా పర్లాకిమిడి నుండి ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గ్రాంథికం ఇక్కడితో చాలు. మాట్లాడే తెలుగే రాయాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టిన ఊళ్లో కూర్చుని ఇలా రాస్తే బాగోదు. పైగా ఏడేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం, నువ్వు అనే అంటాను.

రాత్రి నిన్ను ఆన్ చేసి పడుకుంటాను. తెల్లారేసరికి టెస్టులన్నీ శ్రావణమాసపు వరిచేలా పచ్చగా ఉంటాయి. పేరు గడిలో జాన్ స్మిత్, ఊరు గడిలో లండన్. ఆ మహానుభావుడు మా లోన్ అప్లికేషన్‌లో ఇప్పటికి ఎన్ని వేలసార్లు అప్పు తీసుకున్నాడో! ఒక్క వాయిదా కట్టిన పాపాన పోలేదు. అయినా నీకు అతనంటేనే ముద్దు.

మొన్న అతని బదులు మా అమ్మ పేరు ఇచ్చాను. లక్ష్మి. చూడ్డానికి రెండే అక్షరాలు. నీ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ డేటా ఫైలును ఎవరో ఎప్పుడో, ఏ భాష అక్షరాన్నయినా దాచగలిగే యూటీఎఫ్-8లో కాకుండా, పాత పద్ధతిలో సేవ్ చేసిపెట్టారు. దాంతో ఏడింటికీ ఏడు ప్రశ్నార్థకాలు మిగిలాయి. నువ్వేం చేశావు? ఏడు ప్రశ్నార్థకాలు గడిలో కొట్టావు. సేవ్ నొక్కావు. తిరిగి చదివావు, ఏడు ప్రశ్నార్థకాలు వచ్చాయి. పంపిందీ వచ్చిందీ ఒకటే కదా, పాస్! మా అమ్మ పేరే లేని టెస్టు మా అమ్మ పేరు మీద పాసయిపోయింది. స్క్రీన్‌షాట్ తెరిచి చూడకపోతే నేనూ ఆ పచ్చ టిక్కు చూసి టీ తాగడానికి వెళ్లిపోయేవాణ్ణి.

ప్రశ్నార్థకాలు లోపలికి రాకూడదని డెవలపర్ ‘అక్షరాలు మాత్రమే’ అని రూలు పెట్టాడు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో గుడి, పొల్లు అక్షరాలు కావు, అక్షరానికి తగిలించే గుర్తులు. ఫైలు సరిచేసి అసలు పేరు ఇస్తే, రూలు మా అమ్మని గుమ్మంలోనే ఆపేసింది. చిన్నప్పుడు గుణింతం రాక తిన్న దెబ్బలు గుర్తొచ్చాయి.

రూలు సరిచేశాక అసలు పేరు లోపలికి వెళ్లింది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, ఏడింటికి 21. డేటాబేస్‌లో ఆ గడికి ఇచ్చింది 20 బైట్లు. ఒక్క బైటు తెగింది. తెరమీద ‘లక్ష్మ’ అని వచ్చి, గుడి ఉండాల్సిన చోట నల్లటి వజ్రం, అందులో తెల్లటి ప్రశ్నార్థకం. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసి, “ఏటిరా ఇది, నా పేరుకి ముక్కుపుడక పెట్టావు?” అంది. జాన్ స్మిత్‌కి స్పేస్‌తో కలిపి పది బైట్లు చాలు. ఇంకో పది మిగుల్చుకుని దర్జాగా ఉన్నాడు.

అయినా అమ్మ నీలాగా టైప్ చెయ్యదు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంది, పైన వచ్చిన తెలుగు మాటని వేలితో ఎంచుకుంటుంది. సేవ్ బటన్ ఒక్కోసారి మేలుకోనిది ఆ కొట్టడానికీ ఎంచుకోడానికీ మధ్యే. నువ్వు ఆ దారినే రావు, మాట మొత్తం గడిలో దింపేసి పోతావు. నీతో పడలేక కొందరు కాపీ చేసి పేస్ట్ చేయిస్తారు. అది ఇంకా సుఖం, కీబోర్డుని ముట్టుకోకుండానే కీబోర్డు టెస్టు అయిపోతుంది.

ఇంతా తిట్టాను గాని, తెలుగూ ఒడియా యూనికోడ్‌లో మొదటి 65,536 గదుల్లోనే కాపురం ఉన్నాయి. ఆ గదుల బస్తీని బీఎంపీ అంటారు. కాబట్టి మా బాధలు ఎలాగో తీరతాయి. మా కొండల్లోంచి సంతకి దిగే సవరల సంగతి వేరు. మంగేయి గొమాంగో గారు వాళ్ల భాషకి సొరాంగ్ సోంపెంగ్ లిపి తయారుచేసింది 1936లో, పర్లాకిమిడి ఒడిశాలో చేరిన ఏడాదే. యూనికోడ్‌లో చోటు దొరికింది 2012లో, అదీ ఆ బస్తీ అవతల. సరదాకి ఒక్క సవర అక్షరం ఇచ్చి చూశాను. నీ వెనక ఉండి నువ్వు కొట్టేవి బ్రౌజర్‌కి చేరవేసే డ్రైవర్ బీఎంపీ దాటిన అక్షరాలు తన వల్ల కాదని ఎర్రగా చెప్పేసి పడుకున్నాడు. నీకన్నా అతనే నయం, ప్రశ్నార్థకాలు కొట్టి పాస్ అనలేదు.

మేనేజర్‌కి అన్నీ రాశాను. “ఈ రిలీజ్‌కి జాన్ స్మిత్‌తో కానిచ్చేద్దాం, తర్వాత చూద్దాం” అన్నారు. సరేనన్నాను. ఈ రాత్రి ఫైల్లో మొదటి వరస లక్ష్మి, రెండోది ఒడియాలో పక్కింటి మావయ్య పేరు, మూడోది ఆ సవర అక్షరం. జాన్ స్మిత్ నాలుగోవాడు. అప్పులవాడు కదా, కాసేపు లైన్లో నిలబడనీ.

ఇట్లు,
తమ విధేయుడు,
లక్ష్మి గారి అబ్బాయి