రుజువు భారం రోగి నెత్తినా?

1945 ఆగస్టు 6న హిరోషిమాపై అమెరికా అణుబాంబు వేసినప్పుడు షుంతారో హిడా బతికి బయటపడ్డారంటే కారణం, ఆ ఉదయం ఆ జపాన్ సైనిక వైద్యుడు నగరానికి ఆరు కిలోమీటర్ల దూరంలోని హెసాకాలో ఓ చిన్నబిడ్డకు వైద్యం చేస్తూ ఉండటమే. తర్వాతి దృశ్యాలు తెలిసినవే. కుచ్చులుగా ఊడే జుట్టు, ఒంటినిండా ఊదారంగు మచ్చలు, నోట్లోంచి నెత్తురు.

ఆయన్ని జన్మంతా వెంటాడిన ప్రశ్న మాత్రం వేరు. బాంబు పడ్డప్పుడు నగరంలోనే లేనివాళ్లు ఎందుకు చచ్చిపోతున్నారు? అయినవాళ్లను వెతుక్కుంటూ శిథిలాల్లో తిరిగారంతే. ఒంటిమీద కాలిన మచ్చయినా లేదు, లక్షణాలు మాత్రం అవే. దుమ్ముతో, నీళ్లతో లోపలికి చేరిన రేడియోధార్మిక కణాలే కారణమని హిడా వాదన. ఇంకొందరిని ఏళ్లకేళ్లు నీరసం వదల్లేదు. పరీక్షల్లో ఏమీ తేలదు, పనికి పోలేరు, ఇరుగుపొరుగు సోమరులన్నారు. దాన్నే జపాన్‌లో 'బురాబురా' జబ్బన్నారు.

అమెరికా ఏం చేసింది? అణుబాంబు తయారీకి సారథి అయిన జనరల్ లెస్లీ గ్రోవ్స్, 1945 నవంబరులో సెనేట్ కమిటీ ముందు, రేడియేషన్ చావు చాలా హాయిగా ఉంటుందని డాక్టర్లు అంటున్నారని చెప్పాడు! అప్పటికే ఆక్రమిత జపాన్‌లో పత్రికల నోరు కట్టేశారు. తర్వాత బాంబు ప్రభావాన్ని పరిశోధించడానికి అమెరికా పెట్టిన సంస్థ ఏబీసీసీ (అటామిక్ బాంబ్ క్యాజువాల్టీ కమిషన్) బాధితుల రక్తం తీసుకుంది, కొలతలు రాసుకుంది. వైద్యం చెయ్యడం తన పని కాదంది.

డాక్టరు అనుభవం గణాంకం కాదని, తక్కువ మోతాదు రేడియేషన్ వల్ల హాని ఇంకా నిరూపణ కాలేదని కొందరు శాస్త్రవేత్తల అభ్యంతరం. జాగ్రత్త శాస్త్రానికి అవసరమే, కాదనను. కానీ ఆనాడు వార్తలు తొక్కిపెట్టి, ఈనాడు రుజువు తెమ్మని మంచాన పడ్డవాళ్లను అడగడం ఏం న్యాయం? గనుల దుమ్ము పీల్చిన కూలీకీ, రసాయనాల పక్కన పెరిగిన బిడ్డకూ ఎదురయ్యే ప్రశ్న ఇదే: 'నీ జబ్బు మావల్లే వచ్చిందని చూపించు.' హాని చేసే శక్తి ఎవరి చేతిలో ఉందో, రుజువు భారమూ వాళ్ల మీదే ఉండాలి. హిడా కోర్టుల్లో సాక్ష్యం చెప్పింది, దేశదేశాలు తిరిగి అణ్వాయుధాలు వద్దన్నది అందుకే అని నేను నమ్ముతాను. ఆ ఆయుధం తయారుచేసే రాజ్యమే దాని రోగిని గుర్తించాలా వద్దా అని తేలుస్తుంటే, వైద్యుడు వీధికెక్కక ఏం చేస్తాడు?

2021 జులైలో హిరోషిమా హైకోర్టు, బాంబు పడ్డాక కురిసిన రేడియోధార్మిక 'నల్లవాన'లో తడిసిన 84 మంది ఫిర్యాదుదారులనూ బాధితులుగా గుర్తించింది, లోపలికి చేరే రేడియేషన్‌నూ లెక్కలోకి తీసుకుంది. బాంబు పడి అప్పటికి 76 ఏళ్లు. ఆ 84 మందిలో పదిమందికి పైగా తీర్పు వినకుండానే పోయారు. నూరేళ్లు బతికిన హిడా కూడా అప్పటికి నాలుగేళ్ల ముందే, 2017లో, కన్నుమూశారు.