డాష్‌బోర్డు మీద బైఠాయించిన చోక్ నాబ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అంబాసిడర్ కారు చోక్ నాబ్ గారి సముఖానికి, పాత పెట్రోలు బండ్ల యజమానులు, ఆ బండ్ల కింద పడుకుని బతికే మెకానిక్కులు ఉమ్మడిగా వ్రాసుకున్న విన్నపం.

విషయం: తమరు కదలకపోవుట – గురించి.
సూచిక: తమరిని లాగిన ప్రతిసారీ మా వేళ్లకు లేచిన బొబ్బలు.

ఉభయకుశలోపరి. మేము క్షేమమే. తమరి క్షేమసమాచారాలు పొగగొట్టం రోజూ చెబుతూనే ఉంది. చల్లటి ఇంజిన్ అంటుకునేటప్పుడు పెట్రోలు పాలు పెంచి, వేడెక్కాక లోపలికి పోవడం తమరి పని. సగం దూరం బయటికొచ్చి అక్కడే ఆగిపోయారు. ఇంజిన్ వేడెక్కినా నల్లపొగ మానదు. ప్లగ్గులు మసిబారాయి. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేసి ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే సంపులోకి దిగుతోంది. తమరు మాత్రం అంగుళం ముందుకీ రారు, అంగుళం వెనక్కీ పోరు.

ఈ గుణం ఎక్కడ అబ్బిందో ఊహించడం కష్టమేమీ కాదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఇంట పుట్టి, ఉత్తరపారాలో పెరిగి, 2014లో అక్కడ తయారీ ఆగిపోయేదాకా కలెక్టరాఫీసుల పోర్టికోల్లో నిలబడ్డ వంశం తమరిది. వెనక సీట్లో తెల్ల టవలు మీద కూర్చున్నవారిని అన్నేళ్లు ముందు నుంచి గమనించాక ఏ నాబ్‌కైనా జ్ఞానోదయం అవుతుంది: కదలనివాడికి మెమో రాదు, కదిలినవాడికే పని పెరుగుతుంది. దానికి తోడు 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ అని 2021లో కేంద్రం నిబంధన తెచ్చింది. అంటే పదవీ విరమణ భయం కూడా లేదు.

న్యాయంగా చెప్పాలంటే తప్పంతా తమరిది కాదు. విజయవాడ, కడప ఎండల్లో ఏడాదిలో చాలా నెలలు చోక్ అవసరమే పడదు. నెలల తరబడి పని చెప్పకుండా, ఒక డిసెంబరు తెల్లవారుజామున ఉన్నట్టుండి లాగితే ఎవరు మాత్రం లేచి వస్తారు? ఈలోగా తమరి నుంచి కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం) దాకా వెళ్లే కేబుల్ ఔటర్‌లో, అంటే ఉక్కు తీగను చుట్టలుగా చుట్టిన ఆ గొట్టంలో, జరగాల్సింది జరిగిపోతుంది. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఎండి గట్టి పొర కడుతుంది. ఇంజిన్ వైపు మూతి తెరిచే ఉంటుంది కాబట్టి వాననీళ్లూ, బండి కడిగిన నీళ్లూ చుట్టల సందుల్లోకి దూరుతాయి. లోపల ఉన్నది ఒంటి ఉక్కు తీగ. దానికి తుప్పు పట్టడానికి కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలి కూడా అక్కర్లేదు, ఉంటే మాత్రం పని త్వరగా పూర్తవుతుంది.

అసలు తమరు బిగుసుకోలేదేమోనన్న అనుమానం కూడా మాకుంది. కొన్ని నాబ్‌లు పావు చుట్టు తిప్పితే లాక్ పడతాయి, చోక్ బయట నిలబడాలని చేసిన ఏర్పాటు అది. బండి కొత్తగా కొన్నవారికి ఆ సంగతి తెలియదు. లాక్ పడ్డ నాబ్‌ను రెండు చేతులతో నెట్టి, తీగ వంచి, ఆపైన తుప్పును తిడతారు. కాబట్టి మొదటి పని: నెట్టకుండా, లాగకుండా, ఎటైనా తిరుగుతారేమో మెల్లగా చూడడం. సులువుగా తిరగకపోతే అక్కడితో ఆపడం. అవతలి కొస కార్బ్యురేటర్ దగ్గర బిగించి ఉండగా గట్టిగా తిప్పితే తీగే మెలిపడుతుంది.

తమ దర్బారుకు కటింగ్ ప్లేయర్‌తో వచ్చే భక్తుల గురించి ఒక మాట. తమరు ఎక్కువగా ఇష్టపడేది వాళ్లనే అని మాకు తెలుసు. ప్లేయర్ నోట్లో పడగానే పాత బేకలైట్ (పెళుసు ప్లాస్టిక్) తల రెండు ముక్కలవుతుంది, లేదా తల చేతికొచ్చి తీగ లోపలే ఉండిపోతుంది. అప్పటిదాకా అది పది నిమిషాల విచారణ. ఆ తరువాత డాష్‌బోర్డు వెనక తలకిందులుగా పడుకుని చేసే సాయంత్రం.

మా విచారణ కమిటీ తమ గదిలో మొదలుకాదు, బానెట్ కింద మొదలవుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పుతాం, ఎందుకంటే డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టినప్పుడు పాత వైర్ల తొడుగు పెళుసెక్కి ఉంటుంది. తరువాత కార్బ్యురేటర్ దగ్గర తీగను పట్టుకున్న చిన్న స్క్రూ. దాన్ని వదులు చేసేటప్పుడు స్క్రూ కూర్చున్న ముక్కను రెండో పానాతో కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే తిరిగేది స్క్రూ కాదు, చోక్ చెయ్యి వంగుతుంది. తీగ ఊడాక ఆ చెయ్యిని వేలితో కదిపి చూస్తే అసలు దోషి దొరుకుతాడు. హాయిగా కదిలి స్ప్రింగుతో వెనక్కి వస్తే నేరం కేబుల్‌ది. అదీ కదలకపోతే తమరు నిర్దోషి. కార్బ్యురేటర్ లింకేజీలో పేరుకున్న మడ్డిని కార్బ్ క్లీనర్‌తో కడిగి, తమకు క్షమాపణ చెప్పి పంపేస్తాం. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త కేబుల్ కొన్నవాళ్లు బోలెడుమంది.

కేబులే అని తేలితే, పీకే ముందు తీగ కొసను చూడాలి. ఏళ్ల తరబడి స్క్రూ నొక్కడం వల్ల అది చదునుగా అణిగి, పక్కలకు ముల్లు లేచి ఉంటుంది. ఆ ముల్లును సన్న ఆకురాయితో గుండ్రంగా రాయకుండా వెనక్కి లాగితే ఔటర్ లోపల ఇరుక్కుంటుంది, ఆ ఇరుకును ఏ నూనే విడిపించదు. కొస సరిచేశాక, ఔటర్ క్లిప్పు, డాష్‌బోర్డు వెనక నట్టు విప్పి తమరిని సపరివారంగా బయటికి తీస్తాం. ఫైర్‌వాల్ (ఇంజినుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ) రంధ్రంలో ఉన్న రబ్బరు బుష్ చినిగితే కొత్తది వేయాలి. లేకపోతే రేకు అంచు ఔటర్‌ను కోస్తుంది, తరువాతి వాన నేరుగా డ్రైవరు పాదాల మీద పడుతుంది.

ఇక తమ చెయ్యి తడిపే కార్యక్రమం. ఆఫీసుల్లో ఏదో ఒకటి చేతిలో పడితే చాలు, తమరికి మాత్రం ఫలానాదే కావాలి. ఇంట్లోవాళ్లు ముందు తెచ్చేది కొబ్బరినూనె. అది దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఆదిలాబాదు చలికి, అంటే సరిగ్గా చోక్ కావాల్సిన పొద్దున, ఔటర్ నిండా గడ్డ నూనే. ఆముదం పోస్తే కొన్నాళ్లకు జిగురవుతుంది. గ్రీజు చిక్కన, చుట్టల మధ్య నాలుగు అంగుళాలు కూడా పాకదు. డబ్ల్యూడీ-40 డబ్బా తెచ్చేవారు ఎక్కువ. దాని పేరే నీటిని తరిమే నలభయ్యో మిశ్రమం అని. నీటిని తరుముతుంది, మడ్డిని కరిగిస్తుంది, తరువాత అందులో చాలా భాగం ఆవిరైపోయి పల్చటి పొర మిగులుతుంది. కడగడానికి మంచిదే, అదే తిండి అనుకుని వదిలేస్తే తమరు ఆరు నెలల్లో మళ్లీ ధర్నాకు దిగుతారు.

షెడ్లలో వాడే సగం అసిటోన్, సగం ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలు మిశ్రమం తుప్పులోకి బాగా దిగుతుంది. రెండూ కలిసి ఉండవు, వాడే ముందు ప్రతిసారీ సీసా ఊపాలి. కానీ కారు లోపల కూర్చుని మాత్రం వాడకూడదు. రెక్సిన్ మీద పడితే మచ్చ, పెయింట్ మీద పడితే పొర లేస్తుంది, పక్కన ఎవరైనా బీడీ వెలిగిస్తే మిగతాది చెప్పక్కర్లేదు. అందుకే కేబుల్‌ను బయటికి తీశాకే ఈ పని.

విధానం ఇది. కేబుల్‌ను గోడ మేకుకు నిలువుగా వేలాడదీయాలి. పై మూతికి చిన్న ప్లాస్టిక్ కవరు మూల కత్తిరించి తొడిగి, టేపుతో గట్టిగా చుట్టాలి. సిరంజితో 5 మిల్లీలీటర్ల తుప్పు వదిలే ఆయిలు అందులో పోసి, కింద ఒక డబ్బా పెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దునకు డబ్బాలోకి గోధుమరంగు చుక్కలు దిగి ఉంటే దారి తెరుచుకున్నట్టే. ఒక్క చుక్కా దిగకపోతే మూతి తిరగేసి అటు నుంచి ప్రయత్నించాలి. చుక్క దిగాక తీగను ఔటర్ మూతికి బొటనవేలంత దూరంలో పట్టుకుని ఒక మిల్లీమీటరు లోపలికి, ఒక మిల్లీమీటరు బయటికి కదపాలి. ఇప్పుడు రెండు కొసలూ స్వేచ్ఛగా ఉన్నాయి కాబట్టి కాస్త తిప్పనూ వచ్చు, లాగడం కంటే తిప్పడమే తుప్పు పట్టును త్వరగా విడగొడుతుంది. దూరంగా పట్టుకుని నెడితే ఒంటి తీగ మడత పడుతుంది. మడత పడ్డ చోటు ఎంత సాపు చేసినా ఆ జాగాలో మళ్లీ పట్టేస్తుంది. పూర్తిగా బయటికొచ్చిన తీగను సన్న ఎమ్రీ కాగితంతో తుడిచి, ఔటర్‌లోంచి కారేది తేటపడేదాకా కడిగి, చివర్న కుట్టుమిషన్ నూనె పోస్తే చాలు. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న కొత్త రకం కేబుల్ అయితే ఈ అభిషేకం వద్దు, అది పొడిగానే నడుస్తుంది.

రెండు రాత్రుల తరువాతా తుప్పు పొలుసులే వస్తుంటే, లేదా ఔటర్ ఎక్కడైనా నలిగి ఉంటే, తమరిని గౌరవంగా సాగనంపడమే. కొత్తది కొనేటప్పుడు పాతది చేత్తో తీసుకెళ్లి ఔటర్ పొడవు, దాన్ని దాటి వచ్చే తీగ పొడవు రెండూ కొలవాలి. ఔటర్ పొడుగైతే మెలికలు, మెలికల్లోనే మళ్లీ బిగుతు. తమ అసలు తలను మాత్రం కొత్త తీగకు ఎక్కిస్తాం. వింటేజ్ పోటీల్లో జడ్జీలు చూసేది దాన్నే.

తిరిగి బిగించేటప్పుడు తమరిని పూర్తిగా లోపలికి నెట్టి, తీగలో సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు వదులు ఉంచి స్క్రూ బిగించాలి. ఆ వదులు లేకపోతే తమరు లోపల ఉన్నట్టు నటిస్తూనే చోక్ కొంచెం తెరిచి ఉంచుతారు, ఆ విద్య తమకు బాగా వచ్చు. ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే మానిఫోల్డుకు కేబుల్ తగలకూడదు. ఇకమీదట ఎండాకాలమైనా సరే, పదిహేను రోజులకోసారి పూర్తిగా లాగి నెడతాం. హాజరుపట్టీలో సంతకం అనుకోండి.

ఇట్లు,
తమ లాగుడు బాధితులు

ప్రతులు, సమాచారం మరియు తగు చర్య నిమిత్తం:

ముందు తలుపు మూలన ఇరుసు మీద తిరిగే చిన్న గాజు, క్వార్టర్ గ్లాసు గారికి. తమరు పట్టేసేది రెండుచోట్ల, చుట్టూ ఉన్న రబ్బరు గాజుకు అంటుకుని, కింద ఇరుసు తుప్పు పట్టి. గాజు మూల పట్టుకుని నెట్టేవాళ్లకు దొరికేది పగిలిన గాజు. పాత ఏటీఎం కార్డుకు సిలికాన్ స్ప్రే కొట్టి గాజుకూ రబ్బరుకూ మధ్య చుట్టూ జరిపితే పై పట్టు వదులుతుంది. రబ్బరుకు పెట్రోలు, మిషన్ నూనె తగలకూడదు, ఉబ్బిపోతుంది. ఇరుసు కోసం తలుపు అట్ట విప్పాల్సిందే. లోపలి స్ప్రింగు నట్టు ఎన్ని చుట్లు వదిలామో గుర్తు పెట్టుకుని అంతే బిగించాలి. వదులైతే హైవే మీద గాలికి తమంతట తామే మూసుకుంటారు. ఆ బండికి మళ్లీ పెయింట్ వేయాలన్న ఆలోచన ఉంటే మాత్రం సిలికాన్ డబ్బాను షెడ్డులోకి రానివ్వకండి. అది పడ్డ రేకు మీద పెయింట్ గుంటలు గుంటలుగా విడిపోతుంది.

కిటికీ హ్యాండిల్ గారికి. తమ మీద ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నిజానికి గాజు నడిచే ఫెల్టు చానెల్ మీదివి. తలుపు అట్ట తీసి, గాజు కింద చెక్క ముక్క ఆనించి (మరిచిపోతే అది తలుపు అడుక్కి జారుతుంది), గాజును మెకానిజం చెయ్యి నుంచి విడదీసి తమరిని తిప్పాలి. తేలిగ్గా తిరిగితే చానెల్‌ను బ్రష్‌తో దులిపి పొడి సిలికాన్ కొట్టడమే పని. ఫెల్టుకు గ్రీజు పూస్తే దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. తిరగకపోతే పళ్లకూ రోలరుకూ తెల్ల లిథియం గ్రీజు. తలుపు అడుగున నీళ్లు కారే కన్నాలు మట్టితో మూసుకుపోతే లోపల నీళ్లు నిలిచి ఇదంతా మళ్లీ మొదలవుతుంది, తీగతో పొడిచి తెరవాలి.

లైటు స్విచ్ గారికి. బ్యాటరీ విప్పాక కాంటాక్ట్ క్లీనర్, పదిసార్లు ఆన్, ఆఫ్, ఆరబెట్టడం. అంతే. సిలికాన్ తమ గడప తొక్కకూడదు, నిప్పురవ్వకు అది కాంటాక్టుల మీద కరెంటు పారని పొరగా మారుతుంది. పాత లూకాస్ (బ్రిటిష్ విద్యుత్ భాగాల కంపెనీ) రకం నాబ్ ఊడదీయాలంటే మెడ దగ్గర సూది కన్నం వెతికి లోపలి పిన్ను నొక్కాలి, స్క్రూడ్రైవర్‌తో ఎత్తకూడదు.

బానెట్ తీగ గారికి, అది క్యాబిన్‌లోంచి లాగే బండ్లలో. బిగుతు మొదలైందని తెలిసిన రోజే లాచ్‌కు ఇంకో తీగ కట్టి గ్రిల్ కింద అందేచోట దాచిపెట్టాలి. పట్టేస్తే ఒకరు బానెట్‌ను లాచ్ మీదుగా కిందికి అదిమి పట్టాలి, ఇంకొకరు అప్పుడు లాగాలి. స్ప్రింగు బరువు తగ్గితే సగం సార్లు తెరుచుకుంటుంది.

పాత డీజిల్ బండ్లలో ఇంజిన్ ఆపడానికి లాగే స్టాప్ నాబ్ గారికి. తమరు పట్టేస్తే తాళం తీసినా ఇంజిన్ ఆగదు. బండిని టాప్ గేరులో వేసి, బ్రేకు బలంగా తొక్కి, క్లచ్ వదిలితే ఆగుతుంది. ఆ రోజే కేబుల్ మార్చాలి, నూనెతో వాయిదా వేయరాదు.

కటింగ్ ప్లేయర్ గారికి. సమాచారం నిమిత్తం మాత్రమే. తగు చర్య వద్దు.