పదకొండూ పదకొండుకి పొంగిన పాలు

ఫోన్లో 11:11 కనపడగానే కళ్లు మూసుకుని కోరిక కోరుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరైనా ఉంటున్నారు. మొదట్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఏదో పనిమీద ఫోన్ తీస్తారు, 11:11 ఉంటుంది, 'అరె!' అనుకుని ఊరుకుంటారు. మర్నాడూ అదే కనపడిందా, ఇక అయిపోయినట్టే. మూడోసారికి అది పైనుంచి ప్రత్యేకంగా తనకొక్కడికే వచ్చిన కబురు. కబురులో విషయమంటూ ఏమీ ఉండదు కాబట్టి హోమ్ లోను మంజూరు నుంచి అమ్మాయి పెళ్లి దాకా దేనికైనా అతుకుతుంది. వెయ్యినూటపదహార్లు చదివించే జాతి మనది, అంకెల మోజు మనకు కొత్తేమీ కాదు. ఫోన్ వచ్చాక అది చేతిలోకి వచ్చింది, అంతే.

ముందు లెక్క చూద్దాం. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా 960 నిమిషాలు. ఇందులో ముద్దొచ్చే టైములెన్ని? మధ్యాహ్నం 1:11 నుంచి సాయంత్రం 5:55 దాకా ఐదు. పొద్దున 10:10, 11:11, ఆపైన 12:12 కలిపి మూడు. 12:34ని కూడా వదలరు గనక మొత్తం తొమ్మిది. పది నిమిషాలకోసారి ఫోన్ చూసే మనిషి ఈ మధ్యలో 96 సార్లు చూస్తాడు. అంటే ఏ గ్రహం కలగజేసుకోకపోయినా ఇంచుమించు రోజుకొకటి తగలాలి. వారమంతా ఒక్కటీ తగలకపోతేనే విడ్డూరం. మిగిలిన తొంభై అయిదుసార్లూ కనపడిన 10:47లూ 3:26లూ ఎవరికీ గుర్తుండవు. మనసు ఒకదాని మీద పడ్డాక ఎక్కడ చూసినా అదే ఉన్నట్టు తోచడానికి 'ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్' అని అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్వికీ 2005లో పేరు పెట్టాడు. 2005 అంకెలు కూడితే 7 వస్తుందని ఎవరో ఒకరు ఈపాటికి లెక్కేసే ఉంటారు.

అసలు గొడవ రెండో దశలో. దానంతటది కనపడటం పోయి, కాపు కాయడం మొదలవుతుంది. 11:09కే ఫోన్ చేతికొస్తుంది. స్క్రీన్ 30 సెకన్లకు ఆరిపోయేలా పెట్టి ఉంటుంది కనక మధ్యమధ్యలో తడుతూ ఉండాలి. ముఖం చూసి తెరుచుకునే ఫోనైతే ఇంకో తంటా: టైము పెద్ద అక్షరాల్లో ఉండే పేజీ కాస్తా మాయమై, అంకెలు పైమూలన చీమంత అయిపోతాయి. స్క్రీన్‌షాట్ కోసం పవర్ బటనూ వాల్యూమ్ తగ్గించే బటనూ ఒక్కసారే నొక్కాలి. ఆత్రంలో వాల్యూమ్ బటన్ ముందు పడితే గీత ఒకటి వచ్చి అడ్డంగా నిలుచుంటుంది. అది పోయేదాకా ఆగి మళ్లీ నొక్కేసరికి 11:12. ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టుకోలేరు.

ఈలోగా వంటింట్లో జరిగేది ఇది. ఫ్రిజ్‌లోంచి తీసిన అర లీటరు పాలు మధ్యరకం మంట మీద పొంగడానికి ఆరేడు నిమిషాలు. 11:05కి పొయ్యి మీద పెట్టి, "కాస్త చూస్తుండండి" అని ఇంటావిడ బట్టలు ఆరెయ్యడానికి వెళ్తుంది.

"ఏమండీ, పాలు చూస్తున్నారా?"

"ఆఁ, చూస్తున్నా, చూస్తున్నా."

చూస్తున్నది ఫోన్. పాలతో చిక్కేమిటంటే చివరి దాకా బుద్ధిగా ఉంటాయి. పైన మీగడ తెర కడుతుంది, కింద పుట్టిన ఆవిరి బుడగలు ఆ తెరను తేలిగ్గా చీల్చుకోలేక దాన్ని మోసుకుంటూ లేస్తాయి. నీళ్లయితే ఉన్నచోటే కుతకుతమంటాయి, పాలు క్షణాల్లో గిన్నె దాటేస్తాయి. సరిగ్గా కళ్లు మూసుకుని కోరిక కోరుకునే సమయం అది. మంట ఆరిపోయిందంటే గ్యాస్ వస్తూనే ఉంటుంది కాబట్టి ముందు నాబ్ కట్టేసి కిటికీ తెరవాలి, లైటు స్విచ్ జోలికి పోకూడదు. బర్నర్ చల్లారాక మూత తీసి, కన్నాల్లో మాడిన పాలను పిన్నుతో పొడిచి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. తడిగా పెడితే మంట చిటపటలాడుతూ పచ్చగా వస్తుంది. ఇదంతా చేయడానికి పట్టే అరగంటలో మంచి టైము ఒక్కటీ లేదు.

పైగా ఆ ముహూర్తమైనా గట్టిదా అంటే, అదీ లేదు. గోడమీది క్యాలెండర్ చూడండి. శుక్రవారం 10:30 నుంచి 12 దాకా రాహుకాలం. సోమవారం అదే వేళ యమగండం. 11:11 అంకెలు కూడితే వచ్చే 4, మన సంఖ్యాశాస్త్రం వాళ్ల లెక్కలో రాహువుదే. దేవదూతలు పంపారంటున్న కబురు వారానికోసారి రాహుకాలంలో వచ్చి పడుతుంటే అత్తగారు ఒప్పుకుంటారా?

ఇంకో మెలిక. ఫోన్ చూపించే భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అంటే కాకినాడకు కాస్త తూర్పున పోయే గీతది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, 4 డిగ్రీలు పడమర ఉన్న హైదరాబాద్ సొంత కాలం 16 నిమిషాలు వెనక. అమీర్‌పేటలో కోరిక కోరుకునేటప్పటికి స్థానిక లెక్కన ఇంకా 10:55. డాలస్‌లో ఉన్న అమ్మాయికి వేసవిలో అది రాత్రి 12:41. గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుండే మన కాలంలో ఆ అరగంట ఉన్నన్నాళ్లూ తండ్రీకూతుళ్లకు 11:11 ఒకేసారి కనపడదు.

మాన్పించాలంటే 24 గంటల పద్ధతిలోకి మార్చేస్తే సరి అనుకుంటారు. వద్దు, ముదురుతుంది. 06:06 నుంచి 21:21 దాకా గంటకొకటి చొప్పున పదహారు తయారవుతాయి. పనికొచ్చేది నోటుపుస్తకం: ఫోన్ చూసిన ప్రతిసారీ కనపడిన టైము రాయాలి, నచ్చినా నచ్చకపోయినా. పుస్తకం మాత్రం ఇంకొకరి దగ్గరుండాలి. ఆయన చేతికిస్తే 11:11లు మాత్రమే రాసి, 'మిగతావి రాయడమెందుకు, దండగ' అంటాడు. నాలుగు రోజులు నిజాయితీగా రాస్తే ఉత్సాహం సగం చల్లారుతుంది.

మిగతా సగం బండి నంబర్ల మీదికి పోతుంది. అక్కడ ఖర్చు పాలతో ఆగదు. 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏలో టీజీ 09 సిరీస్ 9999 పాతిక లక్షల పైచిలుక్కి పోయింది. అలాంటి ఊళ్లో 'దారంతా కలిసిన అంకెలే కనపడుతున్నాయి' అనేవాడికి చెప్పాల్సిందేమిటంటే, 0001 నుంచి 9999 దాకా ఉన్న నంబర్లలో ఏదో ఒక అంకె రెండుసార్లైనా వచ్చేవి 4,959, దాదాపు సగం. 'కూడితే 9 వచ్చేవే ఎదురొస్తున్నాయి' అంటే, కూడగా కూడగా చివరికి 1 మిగిలేవి ఎన్నో 2 మిగిలేవీ అన్నే, 9 మిగిలేవీ అన్నే, ఒక్కటి కూడా తేడా లేదని కాగితం మీద వేసి చూపించొచ్చు. 9999ని 9తో భాగిస్తే చాలు. జవాబు మాత్రం ఆయనకు కనపడనివ్వకండి: 1111.